ఊరంతా కలిస్తేనే ఆరే మంట

యాసంగి కోతలు ముగిసే రోజుల్లో పొద్దుగూకే వేళ తెలంగాణ పల్లెల మీదుగా బస్సులో వెళ్తే కిటికీ అద్దం మూసుకోక తప్పదు. రోడ్డుకు అటూ ఇటూ మళ్లు తగలబడుతుంటాయి. హార్వెస్టర్ గింజ దులుపుకొని వెళ్లిపోయాక మిగిలేవి మోకాలెత్తు కొయ్యలు, వాటి నడుమ చాళ్లుగా పడిన గడ్డి. ఒక్క అగ్గిపుల్ల చాలు. గాలి మళ్లితే మంట గట్టెక్కి తాటిచెట్లను కాల్చేస్తుంది. గీత కార్మికుడి బతుకంతా ఆ చెట్ల మీదే. పక్క కమతంలో ఇంకా కోయని వరికి, డ్రిప్పు పైపులకు, మామిడి తోటకు అంటుకుంటుంది. ఆర్పబోయి పొగలో ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్న ముసలి రైతులూ ఉన్నారు.

వాతావరణ మార్పు అనగానే దేశాధినేతల సదస్సులు, కరిగే మంచుకొండలు గుర్తుకొస్తాయి. మన ఊరి పొలిమేరలో లేచే ఈ పొగ ఎందుకో ఆ లెక్కలోకి రాదు. 2024 వానాకాలంలో తెలంగాణ ఒక్కటే కోటిన్నర టన్నులకు పైగా ధాన్యం పండించింది. వరిలో గింజ ఎంతో గడ్డీ ఇంచుమించు అంతే. పశువులు తగ్గి, గడ్డివాములు మాయమైన ఊళ్లలో ఆ గడ్డిలో ఎంతో భాగం బూడిదవుతోంది.

టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 3 కిలోల సన్నని ధూళి గాలిలో కలుస్తాయని శాస్త్రవేత్తల అంచనా. పైరు గాలి నుంచి తీసుకున్న కర్బనమే కదా తిరిగి గాలిలోకి పోయిందని వాదించేవారున్నారు. కొంతవరకు నిజమే. కానీ మంటతో పాటు మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, నల్లటి మసి కూడా లేస్తాయి. నైట్రస్ ఆక్సైడ్ వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు ఎక్కువగా భూగోళాన్ని వేడెక్కిస్తుంది. నేలలోకి చేరాల్సిన కర్బనం చేరకుండా పోవడం మరో నష్టం. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే ‘తక్కువ’ అని రాస్తారు. మన మెట్ట భూముల్లో ఆ మాట పడని కార్డు దొరకడం కష్టం.

రైతు జేబు వైపు నుంచి చూద్దాం. టన్ను గడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, రెండు కిలోలకు పైగా భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. ఎకరాకు రెండు టన్నుల గడ్డి కాలిందనుకున్నా, గాలిపాలయ్యే నత్రజని సగం బస్తా యూరియాకు సమానం. 2025 వానాకాలంలో అదే యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి తెల్లవార్లూ కాచుకున్న రైతులను రాష్ట్రమంతా చూసింది. గడ్డిలోని పోషకాలు మర్నాడే పైరుకు అందవన్నది నిజం. ఏడాది మీద ఏడాది కలియదున్నితే నేల ఆ బాకీ తీరుస్తుంది.

అలాగని రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. కొడవలితో మొదలంటా కోసి, మోపులు కట్టి, కళ్లంలో నూర్చేంత మంది కూలీలు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు? హార్వెస్టర్‌కు గంటల లెక్కన కిరాయి కట్టాలి. కిందికంటా కోయమంటే బండి నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. గడ్డి కట్టలు కట్టే బేలర్ మండలానికి ఒకటో రెండో ఉంటే వంతు వచ్చేసరికి వాన పడుతుంది. రోటవేటర్‌తో రెండు సాళ్లు అదనంగా దున్నాలంటే డీజిల్ ఎవరు పోస్తారు? కౌలు రైతుకైతే వచ్చే ఏడాది ఆ భూమి తనదో కాదో తెలియదు. మరొకరి నేలలో కర్బనం పెంచడానికి అప్పు చేయమని అతనికి చెప్పే నైతిక హక్కు మనకెక్కడిది? జరిమానాలతో ఈ మంట ఆరదు.

మరి ఎలా ఆరుతుంది? జవాబు మన దగ్గరే ఉంది. జనగామ జిల్లా లింగాలఘణపురం మండలంలోని ఏనెబావి చిన్న పల్లె. యాభై గడపలకు అటూ ఇటూ. అక్కడ మార్పు మొదలైంది కూడా మంటతోనే. ఆముదం చేలను ఎర్ర గొంగళిపురుగు ఊడ్చేసేది. ఒళ్లంతా నూగుతో ఎదిగిన పురుగును మందులు ఏమీ చేయలేకపోయేవి. తొలకరి వాన పడగానే నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు గుంపులుగా బయటికొస్తాయి. ఆ సాయంత్రాలే పొలాల మధ్య మంటలు వేస్తే వెలుగుకు వచ్చి కాలిపోతాయి, గుడ్లు పెట్టే సందు ఉండదు. ఒక్క రైతు మంట వేస్తే మాత్రం చుట్టుపక్కల చేలలోని పురుగంతా అతని చేనుకే చేరుతుంది. అందరూ అదే సాయంత్రం వేయాలి. స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో ఊరు ఆ పాఠం నేర్చింది. తర్వాత పురుగుమందులు మానింది, ఆపైన రసాయన ఎరువులూ మానింది, 2006లో మొత్తం సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. అంతకు ముందే ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం పురుగుమందులకు స్వస్తి చెప్పింది. ఊరంతా ఒకే సాయంత్రం వేసిన నాటి మంట పంటను కాపాడింది. ఎవరికి వారు పెడుతున్న నేటి మంట నేలను కాలుస్తోంది.

నీటి సంగతీ ఇంతే. నిలవ నీటి మడిలో, గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్ పుట్టిస్తాయి. తడి, ఆరుతడి పద్ధతిలో నీటిమట్టం మట్టి కిందికి 15 సెంటీమీటర్ల దాకా దిగనిచ్చి మళ్లీ పెడితే మీథేన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుంది, దిగుబడి తగ్గదు. చిల్లుల గొట్టం ఒకటి మడిలో దిగేస్తే నీరెక్కడుందో కంటికి కనిపిస్తుంది. కానీ చెరువు కింది ఆయకట్టులో మడి నుంచి మడికి నీరు పారుతుంటే ఒక రైతు తన మడిని ఎలా ఆరబెట్టగలడు? వెనకటికి ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి అన్నది అతని మాట మీదే నడిచేది, ఆ మాటకు ఊరు కట్టుబడేది. మిషన్ కాకతీయలో 2015 నుంచి చెరువుల్లో పూడిక తీశాం, తూములు బాగుచేశాం. నీరటి వ్యవస్థను మాత్రం నిలబెట్టుకోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు ఈ మాత్రం పాకిందంటే మహిళా సంఘాల వల్లే. పొదుపు కోసం కూర్చున్న చోటే జీవామృతం లెక్క నేర్చారు: రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా పచ్చగా కప్పి ఉంచడమూ అక్కడే నేర్చారు. పది లక్షలకు పైగా రైతులున్న ఆ ఉద్యమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం మరికొందరితో ఉమ్మడిగా దక్కింది. దిగుబడుల మీద, శిక్షణ నాణ్యత మీద ప్రశ్నలు ఉన్నాయి. వాటిని అడగాల్సిందే. సంఘం లేని చోట మాత్రం ఆ సాగు ఒక ఆదర్శ రైతు ఫొటో దగ్గరే ఆగిపోతుందన్నది మా అభిప్రాయం.

ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. బేలర్, రోటవేటర్ వంటి యంత్రాలను వ్యక్తులకు రాయితీ మీద పంచే బదులు గ్రామ సంఘాల చేతిలో పెట్టాలి. పచ్చిగానే నేలలో కలియదున్నే జీలుగ, జనుము విత్తనం మే నెలలోనే ఊరికి చేరాలి. తొలకరి దాటాక చేతికొచ్చిన పచ్చిరొట్ట విత్తనం మూలనపడే బస్తానే. కొయ్యలు కుళ్లడానికి ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నమని వ్యవసాయ శాఖే చెబుతోంది. మందు లేకుండా చీటీ మాత్రం రాసిస్తే ఎలా? ఆ బస్తా కూడా ఇవ్వాలి. మరో జాగ్రత్త. గడ్డి కలియదున్నిన వెంటనే నీళ్లు నింపితే మీథేన్ పెరుగుతుంది, అది కుళ్లడానికి వ్యవధి కావాలి. వానాకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య ఆ వ్యవధి తక్కువే. యాసంగి కోత తర్వాత మాత్రం నెల పైన దొరుకుతుంది. మొదటి అడుగు వేసవిలోనే పడాలి.

వేడెక్కించే వాయువులు తగ్గిస్తే సొమ్మిస్తామంటూ, కర్బన క్రెడిట్ల పేరుతో వరి రైతుల వద్దకు ఒప్పంద పత్రాలు వస్తున్న కాలం ఇది. రైతు ఒంటరిగా సంతకం పెడితే బేరం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఊరి తరఫున గ్రామసభలో చదివి వినిపించి, కౌలుదారుడి వాటా ఎంతో రాసుకున్నాకే ఆ కాగితాన్ని ముట్టాలి.

2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలు కొత్త సర్పంచులను ఎన్నుకున్నాయి. కోతలకు పక్షం రోజుల ముందు గ్రామసభ పెట్టి, హార్వెస్టర్ యజమానులను పిలిచి, ఎంత ఎత్తున కోయాలో, దానికి అదనపు కిరాయి ఎంతో, బేలర్ ఏ వాడకు ఏ రోజు వస్తుందో మాట్లాడి పంచాయతీ గోడ మీద రాయించడానికి వారికి ఏ జీవో అక్కర్లేదు.