తలుపు కొనండి, గది అడగకండి

తలుపు ఉన్నది తెరవడానికీ మూయడానికీ అని మన పెద్దలు పొరబడ్డారు. పాపం, వాళ్ళకు వేలంపాటల శాస్త్రం తెలియదు. ఆ అజ్ఞానాన్ని న్యూయార్క్ నగరం 2018 ఏప్రిల్‌లో పోగొట్టింది. ఒకప్పుడు కళాకారులు అద్దెకున్న చెల్సీ హోటల్ గదుల పాత తలుపులు యాభైకి పైగా పాటకొచ్చాయి. గాయకుడు బాబ్ డిలాన్ గది తలుపు లక్ష డాలర్ల దగ్గర ఆగింది. వేలం వేసినవారి రుసుము కలిపితే 1,25,000. లియొనార్డ్ కోహెన్, జానిస్ జాప్లిన్ అనే మరో ఇద్దరు గాయకుల పేర్లు చెప్పుకున్న తలుపుకు 85,000 వచ్చింది. గది ఇవ్వరు, గోడ ఇవ్వరు, గడప సైతం ఇవ్వరు. ఒట్టి తలుపు. కొన్నవాడు దాన్ని ఇంటికి మోయించుకెళ్ళి, గోడకు ఆనించి, వచ్చినవాళ్ళకు చూపించాలి. లోపలికి రమ్మనకూడదు.

1880ల్లో కట్టిన ఆ హోటల్‌ను 2011లో మరమ్మతులకని మూశారు. ఊడదీసి పారేస్తున్న తలుపులను ఏరి దాచినవాడు అదే హోటల్లో అద్దెకుండి, గది పోగొట్టుకుని, కుక్కను తోడు పెట్టుకుని వీధిలో బతుకుతున్న మనిషి. ఏ గదిలో ఎవరెవరు ఉండేవారో ఆరా తీసి, తలుపులకు వంశవృక్షాలు తయారు చేసిందీ ఆయనే. తలదాచుకునే చోటు లేదు, తలుపులు మాత్రం యాభై! వచ్చిన సొమ్ములో కొంత, ఆకలితో ఉన్నవాళ్ళకు తిండి చేరవేసే సిటీ హార్వెస్ట్ సంస్థకు వెళ్ళిందట. పని పోతేనే పరువన్న నా వాదనకు ఇది కాస్త భంగమే, అయినా దాచను.

ఆ హోటల్ పాత మేనేజరు కొందరు చిత్రకారుల దగ్గర అద్దెకు బదులు వాళ్ళు గీసిన బొమ్మలు పుచ్చుకునేవాడని ప్రతీతి. ఒకటో తారీఖున ఠంచనుగా అద్దె కట్టి, పెందలాడే దీపం ఆర్పి పడుకున్న బుద్ధిమంతుల వల్ల మాత్రం ఏ తలుపుకూ చిల్లిగవ్వ విలువ పెరగలేదు. ఇంటి యజమానులు గమనించగలరు.

వస్తువుకు పని పోయాకే పరువు వస్తుందనడానికి ఇంకో సాక్ష్యం కూడా ఆ ఊళ్ళోనే ఉంది. 1959 నుంచి నడిచిన ఫోర్ సీజన్స్ రెస్టారెంటు సామాను 2016లో వేలం వేస్తే, నాలుగు యాష్‌ట్రేలు 12,500 డాలర్లకు పోయాయి. అక్కడి రెస్టారెంట్లలో పొగ తాగడంపై పూర్తి నిషేధం వచ్చింది 2003లో. బోర్డుకైతే 96,000. ఆ బోర్డు చూసి భోజనానికి వచ్చేవాడు ఇక ఎవడూ లేడు కదా, అందుకే అంత ధర.

మనం ఇంతకాలం తిరగేసి నడుస్తున్నాం. పాత మండువా ఇళ్ళ టేకు తలుపులు పీకి రెస్టారెంట్ల గోడలకు బిగిస్తున్నాం. ఇకమీదట రెస్టారెంటు తలుపులే ఇళ్ళకు రావాలి. మన టిఫిన్ హోటళ్ళలో వంటింటి అరతలుపును ఎవరైనా సరిగ్గా చూశారా? సర్వరు రెండు చేతుల్లోనూ ప్లేట్లే గనుక దాన్ని భుజంతో తోస్తాడు. ఆ ఎత్తున రంగు పోయి, చెక్క నున్నబడి, నూనె జిడ్డుతో నల్లగా మెరుస్తూ ఉంటుంది. కింద సాంబారు చారలు. పైన ‘లోనికి ప్రవేశం లేదు’ అన్నదాంట్లో ‘లేదు’ చెరిగిపోయి ఉంటుంది. స్ప్రింగు వదులై, ఒకసారి తోస్తే నాలుగుసార్లు ఊగుతుంది. ఇది కళాఖండం కాకపోతే మరేది? ‘ఈ మరక ఫలానా ఏటి సాంబారుదే’ అని ధ్రువీకరించే పత్రం ఒకటి జతచేస్తే చాలు. తోసిన భుజం ఎవరిదో పత్రంలో రాయనక్కరలేదు. డిలాన్‌ది కాదు గదా.

ఒక్క చిక్కు మాత్రం ఉంది, వాస్తు. ఈశాన్యాన తలుపు మంచిదే. కానీ వెనక గది లేని తలుపు ఏ దిక్కుకు తెరుచుకున్నట్టు? సిద్ధాంతులు ఒక మాటకు వచ్చేదాకా, కొన్నవాళ్ళు దాన్ని మంచం కింద పెట్టుకోవడం క్షేమం.