కూర్చోబెడితే పడకుండా ఉంటారా?

ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కసారి పడ్డారంటే చాలు, ఇక అందరి నోటా ఒకటే మాట, "నువ్వు లేవకు, ఏం కావాలన్నా మమ్మల్ని అడుగు". మేమూ అదే చేశాం. మా అమ్మ రాత్రి బాత్రూమ్‌కి లేచి తలుపు దగ్గర పడింది, అదృష్టం బాగుండి ఎముక విరగలేదు, తుంటి దగ్గర కమిలింది అంతే. అప్పట్నుంచి మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చాం. మూడు నెలలు తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, మళ్లీ ఊగి, మూడోసారికి గానీ లేవలేకపోయేది. పడకముందు చేతులు ఆనించకుండానే లేచేది. అంటే ఆ బలం పడ్డందుకు పోలేదు, మేం కూర్చోబెట్టినందుకు పోయింది.

ఇది మా ఒక్క ఇంటి తప్పు కాదనే నా అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే, వీళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. అయినా మనం దీన్ని "వయసైపోయింది, పడ్డారు" అని సరిపెట్టేస్తాం.

అసలు నిలబడటమే పెద్ద పని. లోపలి చెవి తల ఎటు వంగిందో చెప్పాలి, కళ్లు చుట్టూ ఏముందో చూడాలి, పాదాలూ కీళ్లూ కింద నేల ఎలా ఉందో కబురు పంపాలి, ఈ మూడూ కలిస్తేనే మెదడు కండరాలకి ఆర్డర్ వేస్తుంది. ఇప్పుడు అర్ధరాత్రి సంగతి చూడండి. లైటు లేదు కాబట్టి కళ్లు పనిచేయవు, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఉంటే అదీ పోయింది, పైగా పడుకుని గబుక్కున లేచారు కాబట్టి బీపీ ఒక్కసారిగా పడింది, వేసుకున్న నిద్ర మాత్ర మత్తు ఇంకా దిగలేదు. ఆ మనిషి పడ్డారంటే ఆశ్చర్యమేముంది, పడకుండా బాత్రూమ్ దాకా వెళ్లొస్తేనే ఆశ్చర్యం!

అందుకే మందుల చీటీ ఒకసారి డాక్టర్‌తో కూర్చుని తిరగేయించుకోవాలి, నిద్ర మాత్రలూ ఆందోళనకి వాడే మాత్రలూ ముఖ్యంగా (సొంతంగా ఆపేయకండి, అదింకో ప్రమాదం). బీపీ కూర్చోబెట్టి చూసి పంపేస్తారు గానీ నిలబెట్టి చూసేది ఎంతమంది? నిలబడ్డ మూడు నిమిషాల్లో పై నంబర్ 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే పట్టించుకోవాల్సిందే. నైట్ లైటు, బాత్రూమ్‌లో గట్టి హ్యాండిల్, కాలికి తగిలే వైర్లు తీసేయడం, ఇవి ఎలాగూ అందరికీ తెలిసినవే.

తెలియంది ఎక్సర్‌సైజ్ గురించి. "రోజూ వాకింగ్ చేస్తున్నా కదా" అంటారు. వాకింగ్ మంచిదే, కానీ అదొక్కటే చేస్తే పడటం తగ్గుతుందని గట్టిగా రుజువు కాలేదు. 2019లో కోక్రేన్ సంస్థ 108 ట్రయల్స్‌ని కలిపి చూస్తే ఎక్సర్‌సైజ్ చేసినవాళ్లు పడటం దాదాపు 23 శాతం తగ్గింది, ఫలితం గట్టిగా కనపడింది బ్యాలెన్స్‌ని పరీక్షించే వ్యాయామాల్లో. అంటే వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకి తగిలేలా గీత మీద నడిచినట్టు నడవడం, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, ఇలాంటివి. కొంచెం తూలాలి, అదే అందులో కిటుకు, అస్సలు తూలకపోతే శరీరం నేర్చుకునేదేం లేదు. మొదట రెండు చేతులతో పట్టు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, పక్కన మాత్రం మనిషి ఉండాలి. దీనికి బదులు మాత్ర ఏదైనా ఉందా అనేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి, ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకి ఏడాదికోసారి 5,00,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి చూశారు, 2010లో ఫలితాలు వచ్చాయి, వాళ్లు పడటం తగ్గకపోగా పెరిగింది!

ఇంకొకటి, ఎవరూ నేర్పనిది, పడ్డాక లేవడం. పక్కకి తిరిగి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదకి వచ్చి, దగ్గర్లో ఉన్న కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని ఒక పాదం నేలకి ఆనించి లేవాలి. తుంటిలో నొప్పి ఉన్నా, తలకి దెబ్బ తగిలినా లేవొద్దు, పిలవాలి. బాగున్న రోజుల్లో పరుపు మీద ప్రాక్టీస్ చేస్తే నేల భయం సగం పోతుంది, ఆ భయమే అసలు జబ్బు, పడతామని కదలరు, కదలక కాళ్లు బలహీనమవుతాయి, అందుకే పడతారు.

పైగా మనం కూర్చోబెట్టేస్తామని తెలిస్తే పెద్దవాళ్లు పడిన సంగతే చెప్పరు. మా అమ్మ అంతకు ముందే రెండుసార్లు పడిందట, మాకు చాలా ఆలస్యంగా చెప్పింది, "చెబితే మంచానికి కట్టేస్తార్రా మీరు" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే గట్టు దగ్గర నిలబడుతుంది, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఏడుసార్లు లేస్తోంది, ఎనిమిదోసారికి నేను చెయ్యి చాపబోతే ఒకటే కసురు, "పక్కన నిలబడు చాలు, పట్టుకోకు".