పీడబ్ల్యూ-1

నాంపల్లి క్రిమినల్ కోర్టుల వరండాలో తరచూ కనిపించే దృశ్యమే ఇది. ప్లాస్టిక్ కవర్లో నలిగిన ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని ఒక తల్లి పొద్దున్నుంచీ గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది. లోపల కేసు పిలవడం, వాయిదా పడడం, నిందితుడు లాయరుతో వెళ్లిపోవడం అన్నీ అయిపోయాయి. ఆమెకు చెప్పినవాళ్లు లేరు. కోర్టు కాగితాల్లో ఆమె పేరు పీడబ్ల్యూ-1. ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి, అంతే.

నిందితుడి రక్షణలను మన రాజ్యాంగం 20, 22 అధికరణాల్లో రాసిపెట్టింది. అరెస్టుకు కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రాయాల్సిందే, లాఠీ దెబ్బ తిన్న తరం రాసుకున్న మాటలవి. నేర బాధితుల హక్కులంటూ మాత్రం విడిగా ఒక్క అధికరణం లేదు.

అమెరికాలోనూ ఇదే లోటు. అక్కడ 1982లోనే అధ్యక్షుడు రీగన్ వేసిన టాస్క్‌ఫోర్స్ రాజ్యాంగ సవరణ కోరింది. 1996లో అధ్యక్షుడు క్లింటన్ మద్దతిచ్చారు. అయినా బండి కదల్లేదు. 2004లో మామూలు చట్టంతో సరిపెట్టారు. అక్కడ రాష్ట్రాలకు సొంత రాజ్యాంగాలుంటాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2008లో 'మార్సీస్ లా' పేరుతో తన రాజ్యాంగాన్ని మార్చుకుంది. మార్సీ అనే కూతురిని చంపినవాడు బెయిలుపై బయటికొచ్చిన సంగతి తల్లికి ఎవరూ చెప్పలేదు. కిరాణా షాపులో అతడే ఎదురుపడ్డాడు. ఆ చట్టం వెనక ఉన్నది ఆ తల్లి అనుభవమే.

మన దగ్గరా చట్టాలున్నాయి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలని 2024 జూలై నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. చెప్పకపోతే ఏమిటన్నది అందులో లేదు. అందుకే తెలుసుకునే హక్కు, తమ మాట వినిపించే హక్కు ప్రాథమిక హక్కులు కావాలంటున్నాం. అప్పుడు 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు.

అయితే శిక్ష వేయించుకునే హక్కు వేరు, దాన్ని ఇందులో కలపొద్దు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర దిశ హత్యాచార కేసు నిందితులు నలుగురిని కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లింది మనవాళ్లే. చంపాలనే కాల్చారని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. బాధితుల పేరు చెప్పి ఎంత దూరం పోగలమో మన హైదరాబాదుకు తెలిసినంతగా వేరే ఊరికి తెలియదేమో.

సవరణకు పార్లమెంటు కదలాలి, ఏళ్లు పట్టొచ్చు. ఆ తల్లి ఫోనుకు వాయిదా తేదీ మెసేజ్ పెట్టడానికి మాత్రం స్టేషన్లో కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ చాలు.