'సాహిత్యం సమాజానికి అద్దం' గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'సాహిత్యం సమాజానికి అద్దం వంటిది' అనే వాక్యం గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగనక్కరలేదు. ఉదయం నుంచి దిద్దుతున్న జవాబు పత్రాలన్నిటిలోనూ మొదటి వరుసలో మీరే కొలువుదీరి ఉన్నారు. నాటకం గురించి అడిగితే మీరు, నవల గురించి అడిగితే మీరు. ఒక కవితలోని వాన గురించి అడిగినా, ఒక్క చుక్క తడవకుండా మీరే వచ్చి నిలబడ్డారు.

మీలో అబద్ధం లేదు. మీతో చిక్కే అది. కాదనేవాడు లేని మాటను నిరూపించడానికి నాలుగు పేజీలెందుకు? వ్యాసంలో ప్రతిపాదన అంటే, వినగానే ఎవరో ఒకరు 'అబ్బే, అలా ఎలా?' అనగలిగే మాట. అలా అన్నప్పుడే కదా, రాసేవాడు పుస్తకం తెరిచి సాక్ష్యం వెతకాల్సి వచ్చేది! మీరేమో 1897లో అచ్చయిన 'కన్యాశుల్కా'నికీ, అంతకు సుమారు మూడు వందల ఏళ్ల ముందరి 'హామ్లెట్'కీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా.

మీది గొప్ప వంశమే, ఒప్పుకుంటాను. నటన ప్రకృతికి అద్దం పట్టాలని హామ్లెట్ కూడా అన్నాడు. అయితే అది నటులకు చెప్పిన మాట, చేతులు అతిగా ఊపవద్దని మందలిస్తూ. మీరు ఇప్పటికీ ఊపుతూనే ఉన్నారు.

మీ చుట్టాలూ తక్కువవారు కారు. 'కన్యాశుల్కంలోని గిరీశం పాత్రను చర్చించండి' అని అడిగితే 'ఈ వ్యాసంలో గిరీశం పాత్రను చర్చిస్తాను' అంటాడు ఒకడు. నా ప్రశ్న నాకే అప్పజెప్పి మార్కులు అడుగుతాడు. ఇంకొకడు 'హాస్యం, వ్యంగ్యం, సంస్కరణ' అని సరుకుల చీటీ చదువుతాడు. ఆ మూడింటికీ ఒకదానితో ఒకటి ఏం పనో చెప్పడు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఇందాక ఒక పత్రంలో, మీతో మొదలైన మూడు పేజీల కథాసంగ్రహం తరువాత, చిట్టచివరి పేరాలో, గంట కొట్టేశారని అక్షరాలు చూస్తేనే తెలిసేంత వంకరగా ఒక వాక్యం కనిపించింది: 'గిరీశానికి సంస్కరణ ఉపన్యాసం. ఉపన్యాసాలివ్వని మధురవాణికి అది పని. ఈ నాటకం నవ్వేది సంస్కరణను కాదు, సంస్కరణ భాషను.'

కలం పక్కన పెట్టి లేచి కూర్చున్నాను. దీనితో నేను పోట్లాడగలను. 'వితంతువైన బుచ్చమ్మను పుట్టింటి గడప దాటించింది గిరీశమే కదా!' అనగలను. ఆ విద్యార్థి 'బుచ్చమ్మను గడప దాటించినవాడు గిరీశమే అయినప్పటికీ' అని మొదలుపెట్టి ఉంటే నా నోరు ముందే మూతపడేది. ఆ 'అయినప్పటికీ' ఎంత బలమైన మాటో మీకు తెలియదు. మీకు ఎన్నడూ ఎవరూ ఎదురు చెప్పలేదు కాబట్టి దాని అవసరం మీకు రాలేదు.

తానేమనుకుంటున్నాడో ఆ పిల్లవాడికి మూడు పేజీలు రాశాకగాని తెలియలేదు. అందులో తప్పేమీ లేదు, రాస్తూ ఉంటేనే ఆలోచన తేలుతుంది. కాకపోతే ఆ తేలడమేదో మొదటి ఐదు నిమిషాల్లో చిత్తుకాగితం మీద జరిగి ఉంటే, ఆ వాక్యం మొదటి పేజీకి వచ్చేది. ప్రతి పేరా దానికి లెక్క చెప్పాల్సి వచ్చేది. కథాసంగ్రహానికి చోటే దొరికేది కాదు. గురజాడ అంతటివాడే 1909లో తన నాటకాన్ని పెంచి తిరగరాశాడు. వీరు తిరగరాయవలసింది ఒక్క వాక్యం. కానీ ఆ స్థలంలో మీరు కూర్చుని ఉన్నారు, లేవరు.

కనుక తమరు దయచేసి పదవీ విరమణ చేయండి. సన్మానం నేను చేయిస్తాను. ఉపన్యాసకులు మిమ్మల్ని తలుచుకోకుండా ఉండలేరు, ఆ లోటు రానివ్వను.

ఇట్లు,
ఎర్రసిరా అయిపోవచ్చిన ఒక పరీక్షకుడు

తా.క.: ఇది మడిచి, తరువాతి పత్రం తెరిచాను. మొదటి అక్షరం 'సా'.