పిప్పి పన్నుకు ఆరోగ్యశ్రీ వస్తుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కు నా జవాబు

మా నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే రూట్ కెనాల్ (పన్ను లోపలి కాలువలు శుభ్రం చేసి నింపడం), క్యాప్ (దాని మీద వేసే తొడుగు) అన్నీ ఫ్రీ. ఏ హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా పళ్ల దవాఖానలో పైసా కట్టక్కర్లేదు. ఫ్లోరైడ్ పళ్లు (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో మచ్చలు పడ్డవి) మార్చడం కూడా పాలసీలోనే ఉంటుంది. రెండు వందల మందుకు ఐదు వేలు గుంజడానికి డాక్టర్లు ఇవన్నీ దాచిపెడుతున్నారు. చివర్లో మామూలే, "పది మందికి పంపండి".

చండూరులో చిన్న డెంటల్ క్లినిక్ నడుపుతున్నాను. ఆ మెసేజ్ ముందు పెట్టి "ఫ్రీ కదా మేడమ్" అని అడిగేవాళ్లు రోజూ ఎవరో ఒకరు ఉంటారు. కుర్చీలో ఒకరు నోరు తెరుచుకుని ఉండగా ఇంకొకరికి ఇదంతా విడమరిచి చెప్పడం కుదరదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆరోగ్యశ్రీ సంగతి. 2007లో ఈ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మన పక్క మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషనో క్యాన్సరో వస్తే పొలం అమ్ముకునే పరిస్థితి తప్పించడం దాని ఉద్దేశం. 2023 డిసెంబరులో తెలంగాణలో చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు. అసలు తికమక అక్కడే వచ్చింది. "పది లక్షలు ఇస్తరట, నా పన్నుకు మూడు వేలు ఇయ్యరా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు, కానీ పథకం అలా నడవదు. ఆ పది లక్షలు మన ఖాతాలో పడి ఉండే డబ్బు కాదు. జాబితాలో ఉన్న చికిత్స, పథకంలో చేరిన ఆసుపత్రిలో చేయించుకుంటే ప్రభుత్వం ఆ ఆసుపత్రికి కడుతుంది. బండి ప్రమాదంలో దవడ ఎముక విరిగి ప్లేట్లు వేయాల్సి వచ్చినా, గుట్కా తిని తిని నోటి క్యాన్సర్ వచ్చినా కార్డు పనికొస్తుంది. పిప్పి పన్నుకు చేసే మామూలు రూట్ కెనాల్, దాని మీద క్యాప్ మాత్రం దాని కిందికి రావు. ఆయుష్మాన్ భారత్‌లోనూ దవడకు సంబంధించిన ఆపరేషన్లు ఉన్నాయి గానీ, అడ్మిట్ కాకుండా ఓపీలో చూపించుకుని వెళ్లే వైద్యం ఆ పథకం బయటే.

ఇక ప్రైవేటు ఇన్సూరెన్స్. పాలసీ కాగితాల్లో "ఆసుపత్రి" అంటే ఏమిటో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, అంతకన్నా పెద్ద నగరంలో 15 పడకలు ఉండాలి, రాత్రీ పగలూ నర్సులు ఉండాలి. మామూలు పాలసీలో డేకేర్ చికిత్సలు (ఒక్కరోజులోనే అయిపోయేవి) పోను, మిగతావాటికి 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిమ్. నా క్లినిక్‌లో ఉన్నది ఒక కుర్చీ, బయట ఒక బెంచీ. అరగంటలో పన్ను శుభ్రం చేయించుకుని, చెంప తిమ్మిరి వదలకముందే బస్సెక్కే మనిషికి ఆ నిబంధన ఎట్లా సరిపోతుంది? పళ్ల వైద్యమంతా కుర్చీలో జరుగుతుంది, ఇన్సూరెన్స్ మంచాన్ని చూసి డబ్బులిస్తుంది. డాక్టర్లు దాచిపెట్టింది ఏమీ లేదు, తేడా అంతా ఇక్కడే ఉంది. 2020 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో దంత చికిత్స అన్న మాట ఉంది నిజమే. అదీ అడ్మిట్ అయినప్పటి ఖర్చుల కిందే ఉంది.

మినహాయింపులు లేవని కాదు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లు ఆ ఆసుపత్రుల్లో పళ్లు చూపించుకోవచ్చు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లల కంపెనీ పాలసీల్లో కొన్నిటికి ఓపీ కవర్ ఉంటుంది, అందులో అమ్మానాన్నల పళ్లకూ కొంత రావచ్చు. అట్లాంటివాళ్లు మొదలుపెట్టకముందే నాకు చెప్పాలి. అంతా అయిపోయాక "ఒక బిల్లు ఇవ్వండి" అంటే సరిపోదు. చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాతి ఎక్స్‌రే, ఏ పన్నో నంబరుతో సహా రాసిన చీటీ, తేదీలు వేసిన బిల్లులు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతారు. ముందు ఎక్స్‌రే లేకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది. పీకేసిన పన్నుకు మళ్లీ ఎక్స్‌రే ఎక్కడి నుంచి తేవాలి?

ఈ మెసేజ్ మూలంగా వినిపిస్తూ, నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ తెచ్చిపెడుతున్న మాట ఇంకొకటి ఉంది. దెబ్బ తగిలి పన్ను విరిగితే ఇన్సూరెన్స్ వస్తుందని ఎవరో చెబుతారు. అందులో కొంత నిజముంది. దాన్ని పట్టుకుని, "బండి మీదికెళ్లి పడ్డడని రాయండి మేడమ్, మీకేం పోతది?" అంటారు. మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా అడుగుతారు. నేను రాయను. రాసినా నిలవదు. పిప్పి పన్ను ఎక్స్‌రేలో పైనుంచి నరం దాకా తొలిచిన నల్లటి నీడ కనిపిస్తుంది. దెబ్బ తగిలిన పన్నులో కనిపించేది గీత. కంపెనీ తరఫున చూసే డాక్టరుకు అది తెలియదనుకోవడం అమాయకత్వం. పైగా వరుసగా ఐదేళ్లు ప్రీమియం కట్టిన పాలసీలో, పాత జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. మోసం రుజువైతే ఆ రక్షణ పోతుంది. మూడు వేల పన్ను కోసం, రేపు గుండెకో కిడ్నీకో అవసరమయ్యే పాలసీని పోగొట్టుకుంటారు. నా రిజిస్ట్రేషన్ పోవడం వేరే సంగతి.

ఫ్లోరైడ్ పళ్ల గురించి రాసింది చూస్తే మాత్రం కోపమొస్తుంది. మనవాళ్ల కష్టాన్ని వాడుకుని రాసిన అబద్ధం అది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్నారు. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తాగి తరాలు పెరిగాయి. పన్ను పైపొర చిగురు లోపల తయారయ్యేది చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఫ్లోరైడ్ మచ్చ అప్పుడే లోపల పడిపోతుంది, క్లీనింగ్ చేస్తే పోయేది కాదు. మిషన్ భగీరథ తాగునీటి పథకం 2016లో మొదలయ్యాక కృష్ణా నీళ్లు తాగి పెరుగుతున్న పిల్లల సంగతి వేరు. ఇప్పుడు ఇరవైలు, ముప్పైల్లో ఉన్నవాళ్ల పళ్ల మీద పాత బోరు నీళ్ల గుర్తు అట్లాగే ఉంది. వాళ్లలో ఆడపిల్లలు ఎక్కువగా పెళ్లిచూపుల ముందు వస్తారు, చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. పన్ను మీద పూత వేయడం, వెనీర్ (పన్ను రంగులో ఉండే పలుచటి పెంకు) అతికించడం లాంటి మార్గాలున్నాయి. ఇన్సూరెన్స్ కంపెనీ వీటిని అందం కోసం చేయించుకునే పని అంటుంది, అంటే మినహాయింపు జాబితాలో పడుతుంది. ఇది నాకు అన్యాయమనిపిస్తుంది. ఈ జిల్లాలో అది అందం సమస్య కాదు. దాని కోసం ప్రభుత్వాన్ని అడుగుదాం, అడగాలి కూడా. లేని పథకం ఉందని నమ్మించడం వేరు.

"రెండు వందల మందు" లెక్కకు పెద్దగా జవాబు అక్కర్లేదు. దవడ పన్నులో మామూలుగా మూడు నాలుగు కాలువలుంటాయి. ఫైళ్లు అనే వెంట్రుకంత సన్నటి ఆకురాయి సూదులతో ఒక్కోదాన్ని శుభ్రం చేసి నింపాలి. క్యాప్ ఇక్కడ తయారు కాదు, కొలత తీసి హైదరాబాద్ ల్యాబుకు పంపాలి, ల్యాబు బిల్లు నేను కట్టాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైటు వెలుగుతుంది గానీ కంప్రెసర్ తిరగదు. కంప్రెసర్ తిరగకపోతే డ్రిల్లు లేదు.

అయితే మెసేజ్‌లో డాక్టర్లు గుంజుతారన్న ఒక మాట పూర్తిగా కొట్టేయలేను. కొన్ని క్లినిక్కులు రేటు ముందు చెప్పవు, బిల్లు ఇవ్వవు. పేషెంటును పంపిన ఆర్‌ఎంపీకి వాటా ఇచ్చే అలవాటు మా వృత్తిలో ఉంది, అది చివరికి పేషెంటు మీదే పడుతుంది. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల ప్రకారం రేట్లు అందరికీ కనపడేలా స్థానిక భాషలోనూ పెట్టాలి. బోర్డు లేకపోతే అడగండి, కుర్చీలో కూర్చోకముందే అడగండి.

ఫ్రీ లేదా తక్కువ ఖర్చు కావాలంటే దారులున్నాయి, మెసేజ్ రాసినవాళ్లు వాటిని మాత్రం రాయలేదు. పన్ను తీయించుకోవాలంటే నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లొచ్చు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు డెంటల్ కాలేజీలున్నాయి. కాలేజీల్లో బయటికన్నా తక్కువ తీసుకుంటారు. విద్యార్థులు ప్రొఫెసర్ల కింద చేస్తారు కాబట్టి ఎక్కువ సార్లు తిరగాల్సి వస్తుంది. కూలి పని మానుకుని అన్నిసార్లు వెళ్లగలరో లేదో ముందే లెక్క చూసుకోండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే పట్టుకెళ్లండి. నా దగ్గర తీసిందైతే అడగండి, ఇచ్చేస్తాను.