అడవికి నిప్పంటుకోకపోతే?

ఏప్రిల్ 2న రెండు దినాలు కలిసి వస్తాయి. ఒకటి అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, రెండోది ప్రపంచ ఆటిజం అవగాహన దినోత్సవం. ఎవరి సభ వారిది, ఎవరి శాలువాలు వారివి. ఈ రెండు సంగతులూ ఎదురుపడేది మాత్రం బడిలో.

అక్కడ పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో కాసేపు వింటే చాలు. కళ్లద్దాలుంటే సోడాబుడ్డి, లావుగా ఉంటే బోండాం, నత్తి ఉంటే ఆ నత్తే పేరు. బతుకుతెరువుకు బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబంలోని పిల్లాడి తెలుగు, పాతబస్తీ పాప ఉర్దూ కలిసిన తెలుగు, తండా పిల్ల మాట తీరు, అన్నీ నవ్వులాటకు పనికొచ్చేవే. ‘పిల్లలన్నాక అనుకుంటారులే’ అని పెద్దలు కొట్టిపారేస్తారు. అనిపించుకున్న పిల్లకు మాత్రం మర్నాడు పొద్దున బడి టైముకు కడుపునొప్పి మొదలవుతుంది.

చిన్నప్పుడే మంచి కథలు చదివిస్తే ఇది కొంతైనా తగ్గుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఏ కథలు అన్న దగ్గరే మా పేచీ. తేడాగా ఉన్నవారిని కలుపుకుపోవాలని చెప్పే బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి వరస ఒక్కటే. కుంటి కుందేలును జట్టులోకి రానివ్వరు. అడవికి నిప్పంటుకుంటుంది. ఆ కుందేలే అందరినీ కాపాడుతుంది. చప్పట్లు కొట్టి చేర్చుకుంటారు, చివరి పేజీలో నీతి. మరి ఆ రోజు నిప్పంటుకోకపోతే కుందేలు గతేమిటి? మనం తరతరాలుగా చెప్పుకుంటున్న అష్టావక్రుడి కథా ఇంతే. ఎనిమిది వంకర్ల ఒళ్లు చూసి జనకుడి సభలో నవ్వినవాళ్లు అతని పాండిత్యం చూశాక తలలు దించారు. గొప్ప కథే, కాదనం. కానీ పాండిత్యం లేని అష్టావక్రులు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఏ ఘనకార్యమూ చేయకుండానే వాళ్లకు ఆటలో చోటు దొరకాలి.

నీతి చెప్పకుండా చూపగలగడమే బొమ్మల పుస్తకానికున్న బలం. దాగుడుమూతల బొమ్మ ఒకటి ఊహించండి. చెవికి మిషన్ పెట్టుకున్న పాప దొంగ. అంకెలు లెక్కపెట్టి కళ్లు మూసుకునే ఉంది. ‘వచ్చెయ్’ అన్న కేక ఆమెకు సరిగా వినపడదని తెలిసిన పిల్లాడొకడు మెల్లగా వచ్చి భుజం తట్టి, మళ్లీ గోడ చాటుకు పరిగెడుతున్నాడు. కింద ఉన్న వాక్యం ఆట గురించే. చెవి మిషన్ గురించి ఒక్క ముక్క లేదు. చూస్తున్న ఐదేళ్లవాడు ‘వాడెందుకు తట్టాడు?’ అని తానే అడుగుతాడు. అడిగి తెలుసుకున్నది వాడికి గుర్తుంటుంది, బలవంతంగా వినిపించిన నీతి ఉండదు.

ఇలాంటి ప్రయత్నాలు మన ఊళ్లో జరగలేదని కాదు. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన కేంద్రం ‘అన్వేషి’ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరిట పిల్లల కథల సిరీస్ తెచ్చింది. పాఠ్యపుస్తకాల్లో కనిపించని దళిత, ముస్లిం ఇళ్లలోని పిల్లలు అందులో ఎవరి జాలీ కోరకుండా కథానాయకులయ్యారు. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ అందుబాటు ధరల్లో పిల్లల పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. అయినా పుస్తకాల షాపులో పిల్లల అర దగ్గర నిలబడితే ఎదురయ్యేవి ఎక్కువగా రైమ్సు, పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు, ఇంగ్లీషు అక్షరాల చార్టులే.

తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. రంగుల పుస్తకం కొద్ది కాపీలే అచ్చేస్తే ధర పెరుగుతుంది. ధర చూసి జనం కొనరు. కొనరు కాబట్టి మళ్లీ కొద్ది కాపీలే. ఈ చిక్కుముడి విప్పగలిగేది పెద్ద ఎత్తున కొనే ప్రభుత్వమే. ఆస్తి పన్ను కట్టే ప్రతి నగరవాసీ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. చేరినప్పుడు పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు పిల్లల గదికీ వాటా ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందరితో కలిసి చదువుకునే ఏర్పాట్లు చేయాలంది. ర్యాంపు కట్టడంతో ఆ బాధ్యత తీరిపోదు. బ్రెయిలీలో, పెద్ద అక్షరాల్లో, తెలుగు ఉర్దూ పక్కపక్కన ఉండేలా బొమ్మల పుస్తకాలు వేయించడమూ అందులో భాగమే. సర్కారు బడుల్లో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ పిల్లలకు చదవడం నేర్పేందుకు వచ్చింది. చదవడం వచ్చిన పిల్లకు చేతికేమిస్తారన్నది ఇప్పుడు తేలాలి.

సలహాకు దూరం పోనక్కర్లేదు. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. పుస్తకాలు ఎంపిక చేసే కమిటీలో ఆ నిపుణులతో పాటు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే టీచర్లకూ, అలాంటి పిల్లల తల్లులకూ చోటివ్వాలి. అచ్చుకు ముందే ప్రతి పుస్తకాన్నీ ఒక మామూలు క్లాసులో పిల్లల చేత చదివించి చూడాలి. బడులు తెరిచేది జూన్‌లో. కొనుగోలు జాబితా ఈ వేసవి సెలవుల్లోనే సిద్ధం కావాలి.