ఒంటె మూపురం కథ సరిగ్గా చెప్పాలి

ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుందని మన పిల్లల్లో చాలామంది చెబుతారు. పెద్దలూ అదే చెబుతారు. నిజానికి మూపురంలో ఉండేది కొవ్వు. మేత దొరకని రోజుల్లో ఒంటె దాన్ని కరిగించుకుని బతుకుతుంది. పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి ఒకే మంచుగడ్డ మీద పక్కపక్కన నిలబడిన బొమ్మలు పిల్లల పుస్తకాల్లో, గోడ చార్టుల్లో, దుప్పట్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. ఎలుగుబంటి ఉండేది ఉత్తర ధ్రువ ప్రాంతంలో, మంచుమీది పెంగ్విన్లు ఉండేది దక్షిణాన అంటార్కిటికాలో. ఇవి చిన్న పొరపాట్లని తీసిపారేయలేము. ఊహ తెలిసే వయసులో మనసులో పడిన బొమ్మ ఆ తర్వాత చదివే పాఠాలతో అంత తేలిగ్గా చెరగదు. అందుకే ఆ మొదటి బొమ్మ గురించి ప్రభుత్వాలు, ప్రచురణకర్తలు, తల్లిదండ్రులు ఇప్పుడున్న దానికన్నా ఎక్కువ పట్టించుకోవాలని మేము కోరుతున్నాము.

అంతకన్నా లోతైన తప్పు ఇంకొకటి ఉంది. జీవుల అనుకూలనాలను, అంటే ఉన్న చోట బతకడానికి వాటికి పనికొచ్చే లక్షణాలను, వివరించేటప్పుడు మన పుస్తకాలు, మన టీచర్లు తరచూ ఒకే తీరు కథ చెబుతారు. జిరాఫీ ఎత్తయిన కొమ్మల ఆకులు అందుకోవడానికి మెడ చాచగా చాచగా అది పొడవైందని, చలికి తట్టుకోవాలని ఎలుగుబంటికి బొచ్చు పెరిగిందని చెబుతారు. అవసరం పడింది, అవయవం వచ్చింది అన్నట్టుగా సాగే ఈ కథ వినడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. ఏ జంతువూ కోరుకుని తన శరీరాన్ని మార్చుకోలేదు. ఒకే జాతిలో పుట్టిన పిల్లల మధ్య చిన్న చిన్న తేడాలు ఉంటాయి. ఉన్న చోట బతకడానికి పనికొచ్చే తేడా ఉన్నవి ఎక్కువగా బతికి, ఎక్కువ పిల్లలను కంటాయి. తల్లిదండ్రుల పోలిక పిల్లలకు వస్తుంది. ఇలా ఎన్నో తరాలు గడిచాక జాతి రూపమే మారుతుంది. ప్రకృతి వరణం అంటే ఇదే.

ఇంత విషయం పసిపిల్లలకు ఎక్కుతుందా అన్న అనుమానానికి పరిశోధన ఇప్పటికే జవాబిచ్చింది. బోస్టన్ విశ్వవిద్యాలయంలోని డెబొరా కెలెమెన్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఒక బొమ్మల కథ చదివి వినిపించారు. అందులో తొండాలతో పురుగులను పట్టి తినే ఊహాజీవులు ఉంటాయి. వాతావరణం వేడెక్కి పురుగులు నేల లోపలి ఇరుకు సందుల్లోకి వెళ్లిపోతాయి. సన్నని తొండాలున్నవి తినగలిగాయి, పిల్లలను కన్నాయి. లావు తొండాలున్నవి క్రమంగా తగ్గిపోయాయి. కథంతా అంతే. విన్న పిల్లల్లో చాలామంది మార్పు ఎలా జరిగిందో తమ మాటల్లో చెప్పారు. ఆ కథలో లేని వేరే జంతువులకూ అదే వివరణను అన్వయించారు. మూడు నెలల తర్వాత అడిగినా మరచిపోలేదు. మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవ పరిణామం పాఠాన్ని తొలగించినప్పుడు 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖపై సంతకాలు చేశారు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం మళ్లీ ముట్టుకోని పిల్లలే ఎక్కువ. పై తరగతుల్లో ఆ తలుపు మూసుకుపోతున్నప్పుడు ఒకటో తరగతిలోనే దాన్ని తెరవడం మరింత అవసరం.

పిల్లల కథలో కొన్ని జంతువులు బతకలేదని చెప్పడం తల్లిదండ్రులకు కొంత ఇబ్బందిగా ఉండవచ్చు. ఆ జంకును మేము తక్కువ చేయడం లేదు. అయితే దీపం దగ్గర బల్లి పురుగును పట్టడం, గద్ద కోడిపిల్లను తన్నుకుపోవడం చూస్తూ పెరిగే పిల్లలకు ఈ సంగతి కొత్త కాదు. దాచిపెడితే వారి ప్రశ్న అలాగే ఉండిపోతుంది. మెల్లగా, నిజాయితీగా చెబితే అదే ప్రశ్న శాస్త్రానికి మొదటి మెట్టవుతుంది.

ఇక ఏ జంతువుల గురించి చెప్పాలి? ఒంటె, జిరాఫీ, పెంగ్విన్ మాత్రమే అనుకూలనానికి ఉదాహరణలన్నట్టు ఎందుకు ప్రవర్తిస్తున్నాము? మన ఇంటి గోడ మీద బల్లి ఉంది. దాని పాదాల కింద జిగురు ఏమీ ఉండదు. కంటికి ఆననంత సన్నని రోమాలు లెక్కలేనన్ని ఉంటాయి, అవే గోడను పట్టుకుంటాయి. ప్రమాదం వస్తే తోక వదిలేసి పారిపోతుంది. తెగిన తోక కొట్టుకుంటుంటే శత్రువు చూపు అటు పోతుంది. చెరువులో తామరాకుల మీద మునిగిపోకుండా నడిచే పిట్టను మన పిల్లలు చూసే ఉంటారు. దాని వేళ్ల పొడవును బొమ్మలో చూపిస్తే బరువు పంచుకోవడం అంటే ఏమిటో ఒక్క పేజీలో తెలుస్తుంది. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) తల కిందులుగా వంచి, ముక్కును తిరగేసి నీటిలో పెట్టి చిన్న చిన్న జీవులను వడకట్టుకుంటాయి. వాటి గులాబీ రంగు కూడా తిండి నుంచే వస్తుంది. కోరింగ మడ అడవుల్లో బురద మీద రెక్కలతో పాకే చేప ఉంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అది చర్మం ద్వారా కూడా గాలి పీల్చుకోగలదు. అడవిలో అలుగు ఉంది. పళ్లే లేని ఈ జంతువు పొడవాటి నాలుకతో చీమలను, చెదలను తింటుంది. భయపడితే పొలుసుల బంతిలా చుట్టుకుంటుంది. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనిపించే దాకా ప్రపంచం అంతరించిందనుకున్న కలివికోడి ఉంది. అది రాత్రిపూట తిరిగే పక్షి, దాని కళ్లు ఎంత పెద్దవో చూడండి! ఒక్కొక్కటీ ఒక్కో పుస్తకానికి సరిపడా కథ. పైగా బల్లిని, తామరాకుల పిట్టను పుస్తకం మూసి బయటికి వెళ్లి చూడవచ్చు, బొమ్మతో పోల్చుకోవచ్చు.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. నీతికథల్లో నక్క జిత్తులమారి, గాడిద మొద్దు, గుడ్లగూబ అపశకునం. ఆ కథలకు వాటి విలువ వాటికి ఉంది, అవి వద్దని మేము అనము. కానీ జంతువు శరీరం గురించి చెప్పే పుస్తకంలో దానికి చొక్కా తొడిగి మాట్లాడించడం వేరే సంగతి. టొరంటో విశ్వవిద్యాలయంలోని పట్రీషియా గానియా బృందం ఇదే విషయాన్ని పరిశీలించింది. జంతువులను మనుషుల్లా వర్ణించిన పుస్తకాలు విన్న పిల్లలు నిజం జంతువులకూ మనిషి గుణాలు అంటగట్టారు. మరీ చిన్నపిల్లలు ఆ జంతువు గురించిన కొత్త సంగతులను తక్కువగా నేర్చుకున్నారు. అదే పరిశోధకురాలు సహచరులతో కలిసి అంతకుముందు, 2011లో మరో అధ్యయనం చేశారు. పరిసరాల రంగులో కలిసిపోయి శత్రువు నుంచి తప్పించుకునే కప్పలు, బల్లుల గురించి ఉన్నదున్నట్టు చెప్పిన బొమ్మల పుస్తకం నుంచి నాలుగేళ్ల పిల్లలు నేర్చుకున్నది సజీవ జంతువులకూ వర్తింపజేయగలిగారు.

తెలుగులో బొమ్మల పుస్తకాలకు మంచి చరిత్రే ఉంది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు ఒక తరం పిల్లలకు మంచు దేశాల జంతువులను పరిచయం చేశాయి. నేషనల్ బుక్ ట్రస్టు, హైదరాబాదులోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు తక్కువ ధరకు పుస్తకాలు తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015 నుంచి స్టోరీవీవర్ వెబ్‌సైటు ద్వారా ఉచితంగానూ చదివిస్తోంది. ఇవి చాలావరకు అనువాదాలు. మన చెరువు, మన తుమ్మచెట్టు, మన మడ అడవి నేపథ్యంగా ప్రకృతి శాస్త్రజ్ఞులు, చిత్రకారులు కలిసి కూర్చుని తెలుగులోనే రూపొందించిన పుస్తకాలు కావాలి. రాజహంస కాలులో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల చాటున ఉంటుంది. ఇలాంటిది చిత్రకారుడికి చెప్పే మనిషి పక్కన ఉండాలి, ఆ మనిషికీ చిత్రకారుడికీ తగిన పారితోషికం, అట్ట మీద పేరు దక్కాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. రెండు ప్రభుత్వాలూ ఆ పునాదికి ఏటా కొన్ని పుస్తకాలను సొంతంగా రాయించి, ప్రతి కేంద్రానికీ, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఒకటికి మించిన ప్రతులు పంపాలి. గిరిజన ప్రాంతాలకు గోండి, కోయ, సవర భాషల్లోనూ పంపాలి. అడవి జంతువుల తీరు ఆ పిల్లలకు, వారి పెద్దలకు అందరికన్నా బాగా తెలుసు కాబట్టి ఆ పుస్తకాల తయారీలో వారి మాట కూడా వినాలి.

పంపితే సరిపోదు. పుస్తకం చిరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పుకోవాల్సి వస్తుందన్న భయంతో చాలాచోట్ల బొమ్మల పుస్తకాలు బీరువా దాటి బయటికి రావు. ఇందులో టీచరును తప్పుపట్టడానికి ఏమీ లేదు. చిన్నపిల్లల చేతిలో పడిన పుస్తకం రెండేళ్లలో నలుగుతుంది, చిరుగుతుంది. అలా చిరిగిన ప్రతులను ఏ సంజాయిషీ లేకుండా లెక్క నుంచి తీసేసి కొత్తవి ఇచ్చేలా కొనుగోలు ఉత్తర్వుల్లోనే నిబంధన చేర్చాలి. రెండు రాష్ట్రాల పాఠశాల విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు చేయగల పని ఇది.